కొట్టు గుర్తుగా ఏది మేలు: గడియారమా, కెటిలా, ఆకుల బంతా?

చదువు రానివాడు కూడా కొట్టు వెతుక్కోవడానికి తడుముకోకూడదు. అందుకే ఒకప్పుడు బూట్లు కుట్టేవాడు పెద్ద బూటును, కళ్ళజోళ్ళు అమ్మేవాడు పెద్ద కళ్ళజోడును చేయించి గుమ్మం పైన వేలాడదీసేవారు. మన రోడ్ల పక్కన పంచరు షాపు ముందు వేలాడే పాత టైరుదీ ఇదే వరస, కాకపోతే దానికి పైసా ఖర్చు లేదు. ఈ పాత గుర్తుల్లో మూడింటిని తీసుకుని, వాటిలో పని బాగా చేసేది ఏదో చూద్దాం.

మొదటిది అమెరికా గడియారం. 19వ శతాబ్దంలో గడియారాల దుకాణాలు చెక్కతోనో జింకు పోతతోనో పెద్ద జేబు గడియారం చేయించి, బంగారు రేకు అద్దించేవి. అర్థం కావడంలో దీన్ని మించింది లేదు. కానీ లోపల యంత్రం ఉండదు, ముళ్ళు రంగుతో గీసినవే. చాలావాటిలో టైము ఎనిమిదీ ఇరవై ప్రాంతంలో ఉంటుంది. అది లింకన్ పోయిన వేళ అని ఒక కథ చెబుతారు. నిజానికి ఆయన మీద కాల్పులు జరిగింది 1865 ఏప్రిల్ 14 రాత్రి పది దాటాక, ప్రాణం పోయింది మర్నాడు ఉదయం 7:22కి. ముళ్ళు రెండు వైపులా సమంగా వాలితే పైభాగంలో యజమాని పేరు రాసుకోవడానికి చోటు దొరుకుతుంది. సంగతి అంతే.

రెండోది బోస్టన్‌లో ఓరియంటల్ టీ కంపెనీ 1873లో పెట్టించిన రాగి కెటిల్. దాని మూతి నుంచి నిజంగానే ఆవిరి వచ్చేది! అది చాలదన్నట్టు, ఇందులో ఎంత పడుతుందో చెప్పండని జనానికి పందెం పెట్టారు. 1875 జనవరి 1న అందరి ముందూ కొలిస్తే 227 గ్యాలన్ల పైచిలుకు, అంటే సుమారు 860 లీటర్లు తేలింది. ఆ లెక్కను కెటిల్ మీదే రాయించారు. జనాన్ని ఆపి నిలబెట్టే విద్యలో దీనికే మొదటి మార్కు.

మూడోది జపాన్‌లో సాకే, అంటే బియ్యాన్ని పులియబెట్టి చేసే మద్యం, తయారుచేసే చోట చూరుకు కట్టే సుగిదామా, అంటే సుగి చెట్టు ఆకులను కట్టి గుండ్రంగా కత్తిరించిన బంతి. దీనికి సరుకు పోలికే లేదు. కొత్తవాడికి ఏమీ అర్థం కాదు కాబట్టి ఆ మేరకు ఓడిపోయినట్టే. కానీ కొత్త సాకే సిద్ధమైనప్పుడు పచ్చగా కడతారు, నెలలు గడిచేకొద్దీ అది గోధుమరంగుకు తిరుగుతుంది, లోపల సాకే కూడా అలాగే పక్వానికి వస్తుంటుంది. ఏం అమ్ముతారో తెలిసినవాడికి అది ఎంతవరకు వచ్చిందో కూడా బయటి నుంచే తెలుస్తుంది. టైము చెప్పడంలో గడియారం గుర్తు కన్నా ఈ ఆకుల బంతే నయం అన్నమాట.

కొట్టు పెట్టుకునేవాడినైతే నేను బంతికే ఓటేస్తాను. పాత వస్తువులు పోగుచేసేవాళ్ళకు మాత్రం అది పనికిరాదు. ఎండిపోయాక తీసేసి కొత్తది కడతారు. వాళ్ళకు దొరికితే గడియారమే మేలు. కొనేముందు రెండు వైపులా రంగు చూడాలి. వీధిలోకి పొడుచుకొచ్చేలా వేలాడింది కాబట్టి రెండు ముఖాలూ రాసే ఉంటారు. వాన పడే పైఅంచు, నీడలో ఉండే కిందిభాగం కన్నా ఎక్కువ అరిగి ఉండాలి. అంతా ఒకేలా మెరుస్తుంటే ఈమధ్య మళ్ళీ రంగేశారని అనుమానించాలి, ధర ఆ మేరకు తగ్గించి అడగాలి.