కట్టుడు పళ్ళు: నమలడానికి అంతంతమాత్రం, నవ్వడానికి భేష్

ఈ రివ్యూ పూర్తి సెట్టు కట్టుడు పళ్ళ గురించి. పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు, మామూలు అక్రిలిక్‌వి, రాత్రి తీసి పొద్దున పెట్టుకునేవి. నాకు మొత్తం 18 వేలు పడింది. క్లినిక్ పేరు రాయను. తిరుపతిలో ఇప్పుడు సందుకొక పళ్ళ డాక్టరు ఉన్నారు, సరుకు అందరి దగ్గరా దాదాపు ఒకటే. తేడా ఎక్కడొస్తుందో కింద చెప్తాను.

గాంధీ రోడ్డులో, గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మాకు చిన్న కొట్టు ఉంది. స్వామి పటాలు, రాగి చెంబులు, కుంకుమ భరిణెలు, మాధవమాల చెక్కబొమ్మలు అమ్ముతాం. వచ్చేవాళ్ళలో చాలామందికి తెలుగు రాదు. నాకు తమిళం బాగానే వచ్చు, కన్నడం బేరానికి సరిపడా, హిందీ అంకెల వరకు. ఆ పైన అంతా మొహంతోనే నడవాలి. కొండ దిగి, గుండుకి గంధం పూసుకుని, పిల్లల్ని చంకనేసుకుని బజార్లోకి వచ్చిన మనిషి కొట్టు ముందు ఒక్క క్షణం ఆగుతాడు. లోపలున్నవాడు తలెత్తి నవ్వితే మెట్టెక్కుతాడు, లేదంటే పక్క కొట్టుకి పోతాడు. మా నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కాలం నుంచీ చూస్తున్నదే.

షుగరు వల్ల నా చిగుళ్ళు పాడై పళ్ళు ఒకదాని వెనక ఒకటి కదిలిపోయాయి. ముందుపళ్ళు పోయాక మూతి బిగించి మాట్లాడడం, నవ్వొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. 2020లో మాస్కులొచ్చినప్పుడు బజారంతా ఉక్కపోతని తిట్టుకుంటుంటే నాకు మాత్రం హాయిగా ఉండేది. అవి పోయాకే అసలు కష్టం మొదలైంది. "గాంధీ రోడ్డులో కొట్టు పెట్టుకుని బోసినవ్వుకి సిగ్గేంది బావా" అని మా బామ్మర్ది ఎగతాళి చేసేవాడు. గాంధీగారి బోసినవ్వు దేశానికి నచ్చింది గానీ నాది బయటికే రాలేదు కదా. బిగబట్టిన మూతి చూసి నేను కోపిష్టివాణ్ణనుకుని ధర అడగడానికే జంకేవాళ్ళు. ఒక తమిళావిడైతే మా కుర్రాణ్ణి పక్కకి పిలిచి "అణ్ణన్ కోవమా ఇరుక్కారా?" (అన్న కోపంగా ఉన్నాడా?) అని అడిగింది, నేను అక్కడే ఉండగా.

ఇక పళ్ళ సంగతి. ఉన్నవన్నీ తీసేశాక చిగుళ్ళు మానేదాకా ఆగాలి. తర్వాత అచ్చులు తీస్తారు. మెత్తటి ముద్ద ట్రేలో వేసి నోట్లో అదిమిపెడతారు, గట్టిపడేదాకా వాంతి వచ్చినంత పనవుతుంది. ముక్కుతో గాలి పీల్చుకుంటే గట్టెక్కుతారు. ఇదంతా ఎవరి దగ్గరికి పోయినా ఒకటే.

గట్టిగా పట్టుబట్టాల్సింది మైనం ట్రయల్ రోజున. పళ్ళని గులాబీ రంగు మైనంలో నిలబెట్టి మన నోట్లో పెట్టి చూస్తారు. అప్పుడైతే ఏ పన్నునైనా అటూ ఇటూ జరపొచ్చు. ఆ మైనం పోయి ప్లాస్టిక్ ప్లేటు తయారయ్యాక చేయగలిగింది చాలా తక్కువ. డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. అద్దం చేతికిచ్చి "నవ్వండి అంకుల్" అంది. పెదాలు సాగదీశాను. "అది కాదంకుల్, కళ్ళు నవ్వడం లేదు. మామూలుగా నవ్వితేనే పైపళ్ళు ఎంత కనబడాలో నాకు తెలుస్తుంది" అంది. మళ్ళీ సాగదీశాను. ఎన్నాళ్ళుగానో నవ్వు దాచుకున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నవ్వమంటే ఎక్కడినుంచి వస్తుంది?

అప్పుడు చెప్పింది, ఫ్రాన్స్‌లో డుషెన్ అనే నరాల డాక్టరు మొహంలోని కండరాలకి కరెంటు పెట్టి చూశాడని. 1862లో దాని మీద పుస్తకం కూడా వేశాడట. పెదాల కొనల్ని కరెంటుతోనో, మనం కావాలనుకునో పైకి లేపొచ్చు గానీ, కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజమైన సంతోషానికే పలుకుతుందని ఆయన లెక్క. అదీ కొంతమంది నటించగలరని తర్వాతివాళ్ళు తేల్చారు. దర్శనం ఇప్పిస్తామంటూ యాత్రికులకి ఎదురెళ్ళే దళారుల్ని చూస్తూ పెరిగిన మాకు ఆ ముక్క ఒకరు చెప్పక్కర్లేదు.

చివరికి బయట కూర్చున్న మా ఆవిడని లోపలికి పిలిచారు. నేను ఎంచుకున్న పళ్ళ రంగు చూసి "ఈ వయసులో అంత తెలుపేంది, రాత్రిపూట కరెంటు పోయినా ఇబ్బంది లేదు" అంది. ఫక్కున నవ్వాను. డాక్టరమ్మ కాచుకుని ఉన్నట్టుంది, వెంటనే స్కేలు పెట్టి కొలుచుకుని ముందుపళ్ళని కాస్త పైకి జరిపింది. రంగు కూడా బాగా తెల్లగా ఉండే ఏ1 తీసేసి ఏ3 పెట్టించాం, కొంచెం పసుపు తిరిగినది. ఇప్పుడు చూసినవాళ్ళెవరూ కట్టుడువి అనుకోవడం లేదు. మా పక్క వీధిలో ఒకాయనకి వేరేచోట ఈ ట్రయల్ లేకుండానే సెట్టు చేతికిచ్చి పంపేశారు. నవ్వితే పళ్ళకంటే ముందు చిగుళ్ళ రంగు ప్లాస్టిక్ కనబడుతుంది. పాపం, పళ్ళు పెట్టించుకున్నాక కూడా తువ్వాలు వదల్లేదు.

పెట్టుకున్న కొత్తలో నోరంతా ఎంగిలి ఊరుతుంది, నాలిక ఎక్కడ పెట్టాలో తెలియదు. "స" అన్న చోటల్లా ఈల వస్తుంది. తిరుపతిలో ఉంటూ "శ్రీనివాసా" అనలేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. "గోవిందా"కి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. గట్టిగా చదవమన్నారని పొద్దున పూట విష్ణు సహస్రనామం పట్టుకున్నాను, మెల్లగా నాలిక దారికొచ్చింది. ఒరుసుకుని పుండు పడిన చోట డాక్టరు దగ్గరికి పోయి అరగదీయించుకోవాలి, ఇంట్లో ఆకురాయి పట్టకండి. కడిగేటప్పుడు కింద బకెట్లో నీళ్ళు పెట్టుకోండి, చేయి జారినా విరగదు. వేడినీళ్ళు తగిలితే ప్లేటు వంకర పోతుంది.

తిండి విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. సంగటి, ఇడ్లీ, పొంగలి సుఖంగా పోతాయి. వేయించిన చెనిక్కాయలు, మురుకులు, పచ్చి జామకాయ మర్చిపోండి. లడ్డు మెత్తగానే ఉంటుంది గానీ అందులో కలకండ పలుకో యాలక్కాయ గింజో కింది ప్లేటు అడుగున దూరిందంటే స్వామి కళ్ళ ముందు కనబడతాడు. పైప్లేటు అంగిట్ని మొత్తం కప్పుతుంది కాబట్టి గాలి చొరకుండా అంటుకుని ఉంటుంది. కిందిదానికి పట్టు తక్కువ, పైగా నాలిక కదిలినప్పుడల్లా కోనేట్లో తెప్ప మాదిరి తేలుతుంది.

కానీ కొట్లో వచ్చిన మార్పుకి మార్కులు తగ్గించలేను. మొన్న ఒక కన్నడం కుటుంబం వచ్చింది. వాళ్ళ చిన్నపాప కొత్త గుండు తడుముకుంటూ గుమ్మం దగ్గరే నిలబడి ఏడుపు మొహం పెట్టింది. నేను నా బట్టతల తడిమి చూపించి నవ్వాను. అది ముందు నా తలకాయ వైపు, తర్వాత నా పళ్ళ వైపు చూసి కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత వాళ్ళమ్మకీ నాకూ మాటలు కలిశాయి. ఎక్కడ దిగారు, దర్శనం ఎన్ని గంటలు పట్టింది, ఇట్లాంటివే. కొన్నది ఒక చిన్న చెక్కబొమ్మ. అయినా పోయేటప్పుడు ముగ్గురూ చేతులూపారు.

మా అమ్మాయి ఒక పరిశోధన గురించి చదివి వినిపించింది. కెనడాలో వాంకూవర్ నగరంలో ఒక కాఫీ షాపు దగ్గర గిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేశారు, 2014లో అచ్చయింది. లోపలికి పోయేవాళ్ళలో కొందరిని డబ్బు సిద్ధంగా పెట్టుకుని, అనవసరమైన మాటల్లేకుండా పని ముగించుకు రమ్మన్నారు. మిగతావాళ్ళని కౌంటర్‌లో ఉన్న మనిషి కళ్ళలోకి చూసి నవ్వమన్నారు, నాలుగు మాటలు మాట్లాడమన్నారు. బయటికొచ్చాక అడిగితే రెండో జట్టువాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉన్నారట, నలుగురిలో ఒకరమన్న భావనా వాళ్ళకే ఎక్కువగా కలిగిందట. బాగానే ఉంది, కానీ వాళ్ళు అడిగింది కాఫీ కొన్నవాళ్ళని. కౌంటర్ వెనకున్నవాణ్ణి అడిగి ఉంటే ఏం చెప్పేవాడో నేను చెప్పగలను. ఇప్పుడు మా కొట్లోనూ సగం మంది వచ్చి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తారు, డబ్బులొచ్చాయని స్పీకర్ డబ్బా అరుస్తుంది, ఒకరి మొహం ఒకరు చూసే పనే లేదు. అందుకే నేను ఆ కోడ్ అట్టని బయటి గోడ మీదనుంచి తీసి గల్లాపెట్టె పక్కన, నా మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను.

పళ్ళు లేకపోతే నవ్వే లేదని మాత్రం అనను. మా మనవరాలు రెండో నెల నిండకముందే నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది, దాని నోట్లో అప్పుడు ఒక్క పన్నూ లేదు. రాత్రి సెట్టు గిన్నెలో వేశాక దానికి పోటీ నేనే. ఇంట్లో ఎట్లున్నా చెల్లిపోతుంది. బజార్లో కూర్చునేవాడికి, పాఠం చెప్పేవాడికి, రోజంతా కొత్త మొహాలతో పనిపడే ఎవరికైనా ఈ 18 వేలు దండగ కాదు.

అయిదుకి మూడున్నర ఇస్తున్నాను. ఆ ఒకటిన్నరా కోసింది కింది ప్లేటుకే. దవడ ఎముకలో రెండు ఇంప్లాంట్లు, అంటే మరల్లాంటి పన్ను వేర్లు, వేసి దాన్ని బిగిస్తే కదలదని డాక్టరమ్మ అంటోంది. షుగరు అదుపులోకి తెచ్చుకుని రమ్మంది, ఖర్చు మాత్రం ఈ సెట్టుకి ఎన్నో రెట్లు. దసరా గిరాకీ చూసుకుని ఆలోచిస్తాను.