పదడుగుల గదిలో ఏ లెన్స్? నికాన్ డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్/1.8జి సమీక్ష

క్రాప్ సెన్సర్ కెమెరా (ఫిల్ము ఫ్రేము కన్నా చిన్న సెన్సర్ ఉన్నది) కొని, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో కొన్నాళ్ళు గడిపి, ఇక ఒక ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) తీసుకుందామని ఎవరిని సలహా అడిగినా "ముందు ఒక ఫిఫ్టీ కొనుక్కోండి" అనే చెబుతారు. నేనూ ఆ మాట విని మొదట 50 మి.మీ. లెన్సే కొన్నాను. అది మంచి లెన్సే. అయితే నికాన్ డీ5600 మీద 50నీ, ఆ తరువాత కొన్న 35నీ నాలుగేళ్ళకు పైగా వాడాక, ఇళ్ళలో, ఇంటి వేడుకల్లో ఫొటోలు తీసేవారు మొదట కొనవలసింది 35 అని గట్టిగా నమ్ముతున్నాను. మన గదుల కొలతలే అందుకు కారణం.

ఫిఫ్టీ సలహా ఫిల్ముల కాలం నాటిది. 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉన్న ఫిల్ము ఫ్రేముకు 50 మి.మీ. లెన్స్ మరీ దగ్గరా మరీ దూరమూ కాని సహజమైన చూపును ఇచ్చేది. డీఎక్స్ అని నికాన్ పిలిచే క్రాప్ సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ. మాత్రమే కాబట్టి, అదే 50 దీని మీద ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (ఆ ఫిల్ము ఫ్రేమంత సెన్సర్ ఉన్నదానిలో) 75 మి.మీ. లెన్స్ చూసినంత మేరే చూస్తుంది. కెనాన్ క్రాప్ కెమెరాలో అది 80కి సమానం. పాతరోజుల ఫిఫ్టీ చూపు కావాలనుకునే డీఎక్స్ వాడకందారులకు దానికి దగ్గరగా వచ్చేది, 52.5కి సమానమైన 35 మి.మీ. లెన్సే.

ఈ తేడా గదిలో ఎలా ఉంటుందో కొలిచి చెబుతాను. ఐదున్నర అడుగుల మనిషిని కెమెరా నిలువుగా పట్టుకుని, పైనా కిందా కాస్త ఖాళీ ఉంచి, తల నుంచి పాదాల దాకా తీయాలంటే 50 మి.మీ. లెన్స్‌కు దాదాపు పదమూడు అడుగుల దూరం కావాలి; 35కి తొమ్మిది అడుగుల చిల్లర చాలు. పదడుగుల గదిలో పదమూడు అడుగులు వెనక్కి వెళ్ళలేం. మా అక్కావాళ్ళ ఫ్లాట్‌లో సత్యనారాయణ వ్రతం జరిగిన రోజు నా దగ్గర 50 ఒక్కటే ఉంది. పీటల మీద కూర్చున్న దంపతులనూ, వాళ్ళ ముందు మండపానికి కట్టిన అరటి పిలకలనూ ఒకే ఫ్రేములోకి తేవడానికి హాలు గోడకు వీపు ఆనించి నిలబడ్డాను, వంటింటి గుమ్మంలోకి కూడా వెళ్ళి చూశాను. మండపం వస్తే బావగారి భుజం తెగిపోయేది, ఇద్దరూ వస్తే మండపం సగమే వచ్చేది. ఆ రోజు మంచి ముఖాల ఫొటోలు చాలానే వచ్చాయి గానీ, వ్రతం జరిగిన తీరు తెలిపే ఫొటో ఒక్కటీ రాలేదు.

ఆ తరువాత కొన్నదే 35 మి.మీ. ఎఫ్/1.8జి. నికాన్ 2009లో విడుదల చేసిన ఈ లెన్స్ బరువు 200 గ్రాములు. మౌంట్ లోహంతో చేసినది. దుమ్ము చొరబడకుండా దాని చుట్టూ రబ్బరు అంచు ఉంది. హుడ్, సంచి పెట్టెలోనే వస్తాయి. ఫోకస్ మోటారు లెన్స్‌లోనే ఉండటం వల్ల డీ3000, డీ5000 శ్రేణి కెమెరాల్లోనూ ఆటోఫోకస్ పనిచేస్తుంది. ఈ విషయం నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నేను మొదట కొన్న ఫిఫ్టీ పాత ఎఫ్/1.8డి రకానిది, మీ కెమెరాకు చక్కగా సరిపోతుందని దుకాణదారు భరోసా ఇచ్చాడు, ఇంటికి వచ్చి చూస్తే ఆటోఫోకస్ లేదు. ఆ లెన్స్‌లో మోటారు ఉండదు, కెమెరాలో ఉన్న మోటారే దాన్ని తిప్పాలి, డీ5600లో అది లేదు. మళ్ళీ వెళ్ళి, పైన డబ్బు కట్టి, మోటారు ఉన్న ఎఫ్/1.8జి రకానికి మార్చుకోవలసి వచ్చింది. నికాన్ బేసిక్ కెమెరా ఉన్నవారు లెన్స్ పేరులో "ఏఎఫ్-ఎస్" (లోపలే మోటారు ఉందనే గుర్తు) అని ఉందో లేదో స్వయంగా చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.

వెలుతురు సంగతికి వస్తే, కిట్ లెన్స్‌ను 35 దగ్గర పెడితే దాని అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ అది పెద్దది) ఎఫ్/4.5కు మించి తెరుచుకోదు. ఎఫ్/1.8 అంతకు ఆరు రెట్లకు పైగా కాంతిని లోపలికి రానిస్తుంది. అంటే, రాత్రిపూట ట్యూబ్‌లైట్ వెలుగులో కిట్ లెన్స్‌కు ఐఎస్‌ఓ 6400 అవసరమైన చోట దీనికి 1000 సరిపోతుంది (ఈ అంకె పెంచేకొద్దీ ఫొటోలో గరుకు పెరుగుతుంది). పట్టుచీర జరీలో, పసిపిల్లల చర్మంలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కిట్ లెన్స్‌లో చేతి వణుకును సరిచేసే వీఆర్ ఉంది, ఇందులో లేదు. కదలని వస్తువులకు వీఆర్ గొప్ప సాయమే అయినా, కుదురుగా కూర్చోని పిల్లవాడి కదలికను అది ఆపలేదు. అందుకు సెకనులో 200వ వంతు వంటి షట్టర్ వేగమే కావాలి, ఆ వేగానికి కాంతి కావాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. అంత వేగంతో వరుసగా తీస్తే కొన్ని ఫొటోలు కాస్త నల్లగానో పసుపుగానో రావచ్చు, అది లెన్స్ లోపమేమో అని కంగారు పడనక్కరలేదు. అందరూ నిశ్చలంగా కూర్చున్నప్పుడు వందో వంతు వేగానికి దిగితే ఆ ఇబ్బంది పోతుంది.

మా పిన్ని మనవరాలి అన్నప్రాసనలో ఈ లెన్స్ విలువ నాకు పూర్తిగా తెలిసింది. పాప ముందు పుస్తకం, కలం, బంగారు గొలుసు పరిచారు. నేను చాప అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను, పాపకు నాకు మధ్య ఐదడుగుల దూరం. పాప పాక్కుంటూ వచ్చి కలం మీద అరచెయ్యి వేసిన క్షణంలో ఆ చేతినీ, ముఖాన్నీ, వెనకాల ఊపిరి బిగబట్టి చూస్తున్న అమ్మమ్మనూ ఒకే ఫ్రేములో పట్టగలిగాను. ఎఫ్/1.8 దగ్గర ఆ దూరంలో స్పష్టంగా కనిపించే లోతు జానెడు కన్నా తక్కువ, సుమారు 13 సెంటీమీటర్లు. అందుకే పాప ముఖం తేటగా వచ్చి, అమ్మమ్మ మెత్తగా మసకబారింది, అయినా ఆమె ముఖంలోని ఆత్రం చదవగలిగేంతగానే ఉంది. అదే రెండడుగుల దూరానికి వెళ్తే ఆ లోతు రెండు సెంటీమీటర్లకు పడిపోతుంది. కనురెప్పలు స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. రెండు వరుసల్లో నిలబడిన బంధువులను తీసేటప్పుడు తప్పనిసరిగా అపర్చర్‌ను ఎఫ్/4కు తగ్గించాలి.

లోపాలూ ఉన్నాయి. అన్నప్రాసన ఫొటోలోనే పాయసం ఉన్న వెండి గిన్నె అంచున ఒకటి కనిపించింది: ఫోకస్‌కు ముందున్న మెరుపు చుట్టూ ఊదారంగు గీత, వెనకాల మెరుపుకు ఆకుపచ్చ గీత. అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు వెండి, నగలు, కిటికీ ఊచల దగ్గర ఈ రంగుల అంచులు తరచుగా వస్తాయి, ఎఫ్/2.8 దగ్గర బాగా తగ్గుతాయి. ఫ్రేము చివరల్లో ద్వారబంధం ఉంటే అది కాస్త బయటికి వంగినట్టు కనిపిస్తుంది. ఫోకస్ మోటారు మంత్రాల మధ్య కూడా వినిపించనంత నిశ్శబ్దమైనదే గానీ, ఎదురుగా పరిగెత్తుకొచ్చే పిల్లలను అందుకునేంత చురుకైనది కాదు.

తల, భుజాలు మాత్రమే వచ్చే ముఖచిత్రాల విషయంలో 50దే పైచేయి. అటువంటి ఫ్రేముకు 35తో మూడడుగుల దగ్గరికి వెళ్ళాలి. అంత దగ్గర నుంచి చూస్తే ముక్కు కాస్త పెద్దదిగా కనిపిస్తుంది, ఎదుటివారికీ బిడియంగా ఉంటుంది. ఆ పని తరచుగా చేసేవారు, స్టేజీ కార్యక్రమాలు తీసేవారు నా మాట పక్కన పెట్టి 50 ఎఫ్/1.8జి కొనుక్కోవచ్చు. మరోవైపు, భోజనాల ఫొటోలకు 35 ఎంతో అనువైనది: ఇది 30 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ చేస్తుంది, 50కి 45 కావాలి. విస్తరి ముందు కూర్చున్న చోటి నుంచే తీయవచ్చు, కుర్చీ ఎక్కనక్కరలేదు.

కెనాన్ వాడేవారికి ఇదే ధోరణిలో ఈఎఫ్-ఎస్ 24 మి.మీ. ఎఫ్/2.8 ఉంది, బరువు 125 గ్రాములే, చూపు 38కి సమానం, కాంతి మాత్రం ఎఫ్/1.8 కన్నా తక్కువ. సోనీవారి ‘ఈ’ మౌంట్ 35 మి.మీ. ఎఫ్/1.8లో చేతి వణుకును సరిచేసే ఏర్పాటు కూడా ఉంది.

ఏది కొనాలో తేలనివారు ఒక ఆదివారం కిట్ లెన్స్‌ను 35 దగ్గర కదలకుండా టేపు వేసి ఇల్లంతా తీయండి, మరుసటి ఆదివారం 50 దగ్గర వేసి తీయండి. ఎన్నిసార్లు వీపు గోడకు తగిలిందో లెక్కపెట్టుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో, ఫోన్ టార్చి వెలుగును లెన్స్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. గాజు లోపల సాలెగూడు పోగుల్లాంటి బూజు కనిపిస్తే, ఎంత చవకగా ఇస్తామన్నా వదిలేయండి.