సాల్ట్ లేక్ సిటీ నుంచి ఎల్లోస్టోన్ దాకా: బస్సులో ఒక రోజు

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన మా వయసువాళ్లకు పడమటి రాష్ట్రాల కొండలు చూడాలంటే దారులు రెండే. పిల్లలు సెలవు పెట్టి కారులో తిప్పాలి, లేదా బస్సు టూరు ఎక్కాలి. మా అబ్బాయికి సెలవు దొరకలేదు. నేనూ మా ఆవిడా సాల్ట్ లేక్ సిటీ దాకా విమానంలో వెళ్లి, జూన్‌లో బస్సెక్కాం. ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో అడుగుపెట్టిన రోజు గురించే ఇక్కడ రాస్తున్నాను. ఈ టూర్లలోని మంచీ చెడూ ఆ ఒక్క రోజులోనే తేటతెల్లమయ్యాయి.

ఉదయం ఏడింటికి బయలుదేరాలి. హోటలు ఫలహారం ఆరున్నరకు గానీ పెట్టరు. ఆ అరగంటలో బస్సెడు జనం ఒకే టోస్టరు చుట్టూ మూగారు. మేము ఇంటినుంచి తెచ్చుకున్న చపాతీలు, ఆవకాయతో పని కానిచ్చాం. గైడు ముందు చైనా భాషలో, తరవాత ఇంగ్లీషులో చెబుతాడు. మొదటిదానికి అందరూ నవ్వాక, రెండోదానికి మనం నవ్వుతాం. సీట్లు మాత్రం రోజూ మారుస్తారు. ముందు కూర్చున్నవాళ్లు మర్నాడు వెనక్కి వెళ్లాల్సిందే. ఆ పద్ధతి నాకు నచ్చింది.

లోగన్ లోయ దాటాక బేర్ లేక్ కనిపిస్తుంది. నీళ్లలో తేలే సున్నపురాయి నుసి వల్ల ఆ నీలం రంగు వచ్చిందట. మధ్యాహ్నానికి జాక్సన్ చేరాం. ఊరి నడిబొడ్డున ఉన్న చిన్న పార్కుకు నాలుగు మూలలా నాలుగు కమాన్లు, అన్నీ ఎల్క్ అనే పెద్ద జింకల కొమ్ములతో కట్టినవి. అవి ఏటా వాటంతట అవే రాలిపోయే కొమ్ములు. ఫొటోకు బాగుంటాయి. శాకాహారులకు పిజ్జా దొరుకుతుంది, ధర వింటే ఆకలి చస్తుంది. ఇక్కడ గంటన్నర వదిలారు, చుట్టూ అంగళ్లు ఉన్నాయి కాబట్టి.

గ్రాండ్ టీటన్ కొండ దగ్గర ఆపింది ఇరవై నిమిషాలు! నా కోపమంతా ఇక్కడే. పెద్ద కొండకు ముందు చిన్న గుట్టలు రావడం మనం చూసిందే. ఇక్కడ అవేమీ లేవు. భూమి పగులు వెంట ఒక పక్క పైకి లేచి, ఇంకో పక్క కుంగిపోవడంతో, చదునైన లోయలోంచి కొండ నిటారుగా లేచి నిలబడుతుంది. శిఖరం ఎత్తు 13,775 అడుగులు, జూన్‌లోనూ మంచు. జాక్సన్ అంగళ్లలో అరగంట కోసి ఇక్కడ కలిపి ఉంటే ఎవరి సొమ్మూ పోయేది కాదు.

1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్‌లోకి దక్షిణ ద్వారం గుండా వెళ్లాం. వెస్ట్ థంబ్ దగ్గర చెక్కబాట మీద నడక. ఒక పక్క చల్లని సరస్సు, అడుగు దూరంలో సలసల మరిగే గుంటలు, ముక్కు మూసుకోవాల్సిన గంధకం వాసన. సరస్సులోనే ఒక వేడినీటి బుగ్గ ఉంది. పట్టిన చేపను గాలం నుంచి తీయకుండా అందులో ముంచి ఉడికించుకునేవారట ఒకప్పుడు. ఇప్పుడది నిషేధం. అక్కడినుంచి పడమరకు వెళ్లే దారిలో కనుమ మీద ఐసా లేక్ అనే చిన్న చెరువు వస్తుంది. దాని నీళ్లు రెండు మహాసముద్రాలకూ పోతాయి. అదీ తూర్పు కొస నీరు పసిఫిక్‌కు, పడమటి కొస నీరు అట్లాంటిక్‌కు! బస్సు ఆపలేదు, గైడు మైకులో చెప్పి ఊరుకున్నాడు.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ విషయంలో గైడుకు నూటికి నూరు మార్కులు. ఈ వేడినీటి బుగ్గ సుమారు గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది. తరవాతి సమయాన్ని పార్కువాళ్లు అంచనా కట్టి ప్రకటిస్తారు. దాన్ని చూసుకుని, సరిగ్గా ఇరవై నిమిషాల ముందు మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టాడు. మొదట ఎసరు కాగేటప్పుడు మూత ఎగిరెగిరి పడినట్టు రెండు మూడుసార్లు చిమ్మి ఊరుకుంది. ఇంతేనా అని పక్కన గుంటూరాయన అనబోతుండగా బుస్సుమని లేచింది. వంద అడుగులు దాటి పైకి ఎగిసిన వేడినీళ్లు ఆవిరైపోతూ గాలివాటుకు ఒరిగాయి. మా ఆవిడ ఫోను పట్టుకుని కూడా నొక్కడం మరిచిపోయింది. అందరూ ఐస్‌క్రీము వరసకు పరిగెత్తారు గానీ, పక్కనే 1904లో దుంగలతో కట్టిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అనే హోటలు లోపలికి వెళ్లి ఒక్కసారి తలెత్తి చూడండి. బస చేయకపోయినా వెళ్లవచ్చు.

సాయంత్రం దారికడ్డంగా అడవిదున్నలు. వాటికి 25 గజాలు, ఎలుగులకూ తోడేళ్లకూ 100 గజాల దూరం ఉండాలని నిబంధన. ఎవరో కారు దిగి ఫోనుతో దగ్గరికి పోతున్నాడు. మేము ఎత్తున బస్సు కిటికీలోంచి నిశ్చింతగా చూశాం. కారుకన్నా బస్సు మేలనిపించిన క్షణం అదే.

రాత్రి బస మోంటానాలోని వెస్ట్ ఎల్లోస్టోన్‌లో. గది శుభ్రం, మైక్రోవేవ్ ఉంది, ఉన్ని దుప్పటి కూడా ఇచ్చారు. కానీ గది పైఅంతస్తులో, లిఫ్టు లేదు. మోకాళ్ల సంగతి ముందే చెప్పినా టూరువాళ్లు పట్టించుకోలేదు. పార్కు లోపలి గదులు ఈ టూర్లలో ఆశించవద్దు, అవి నెలల ముందే నిండిపోతాయి. మా టూరులో బుకింగప్పుడు చూపిన ధర కూడా చివరి ధర కాదు. ప్రవేశ రుసుములు, డ్రైవరుకూ గైడుకూ రోజుకు తలకింతని టిప్పు విడిగా, నగదుగా ఇచ్చాం.

డ్రైవింగ్ చేయలేని మాలాంటివాళ్లకు నేను ఈ టూరు వెళ్లమనే చెబుతాను. కట్టేముందు మాత్రం పార్కు దగ్గర రెండు రాత్రులు ఉన్నాయో లేదో అడగండి. ఒక్క రాత్రే ఉన్న టూరు వద్దు. జాక్సన్ నుంచి ఉత్తరానికి వెళ్లేటప్పుడు టీటన్ కొండలు ఎడమ చేతివైపు వస్తాయి. ఆ రోజు కిటికీ సీటు అటువైపు దొరికేలా చూసుకోండి.