పాత ఇత్తడి గుండిగ, బిందె, కంచు కంచం: 12 ఏళ్ళ వాడకం తర్వాత

2013లో పాత సామాన్ల కొట్టులో తూకానికి కొన్న ఇత్తడి గుండిగ, మా మేనత్తగారి ఇంటి నుంచి వచ్చిన ఇత్తడి బిందె, మా నాయనమ్మ వాడిన కంచు కంచం మా ఇంట్లో 12 ఏళ్ళుగా వాడకంలో ఉన్నాయి. వీటిని చూసినవారు ముందుగా అడిగేది ఎంత పాతవని. ఇన్నేళ్ళు వండి, తోమి, బాగుచేయించిన తర్వాత నాకు ముఖ్యమనిపించే ప్రశ్న మరొకటి ఉంది: ఈ పాత్ర ఎక్కడ అరిగింది, ఆ చోటే ఎందుకు అరిగింది? దానికి జవాబు దొరికితే వయసు కొంతవరకు తెలుస్తుంది, ఇంకా వంటకు పనికివస్తుందా లేదా అన్నది కూడా తేలిపోతుంది.

గుండిగ మెడ మీద ఒకప్పుడు చుక్కలతో కొట్టించిన అక్షరాలు ఉన్నాయి. పేరు పూర్తిగా చెరిగిపోయింది కానీ, ఏటవాలుగా వెలుతురు పడేలా పట్టుకుంటే ‘మన్మథ’ అన్న సంవత్సరం పేరు, దాని కింద ‘వీ 2 తు 20’ అన్న తూకం ఇప్పటికీ చదవవచ్చు. మన్మథ నామ సంవత్సరం 60 ఏళ్ళకొకసారి వస్తుంది కాబట్టి అది 1955 గానీ 1895 గానీ కావాలి. 2015 అయ్యే వీలు లేదు, ఎందుకంటే నేను కొన్నది అంతకు రెండేళ్ళ ముందే. వీశెలూ తులాలూ 1960ల మొదటికల్లా చట్టప్రకారం కిలోలకు చోటిచ్చాయి కనుక ఆ తూకం కూడా ఈ లెక్కకు సరిపోతుంది. వీశెకు 120 తులాల చొప్పున 2 వీశెల 20 తులాలంటే సుమారు 3.03 కిలోలు. ఇంట్లో కాటా మీద పెడితే 2.93 కిలోలు తూగింది. ఆనాటి త్రాసులో కొంత తేడా ఉండవచ్చు, మధ్యలో లోపల వేసిన కళాయి, అంటే తగరం పూత, బరువూ కలిసి ఉండవచ్చు. అయినా చింతపండుతో, ఇటుకపొడితో, బూడిదతో తోమిన చేతుల కింద దాదాపు 100 గ్రాముల ఇత్తడి అరిగిపోయిందన్న ఊహ తప్పు కాదనుకుంటాను.

ఆ అరుగుదల అంతటా సమానంగా లేదు, దాన్ని నమ్మడానికి అదే కారణం. గరిటె తగిలే లోపలి అంచు నునుపుగా పలచబడింది, నేల మీద జరిపినందువల్ల అడుగున అడ్డదిడ్డంగా గీతలు పడ్డాయి, చెయ్యి పట్టని అంచు మడత కింద మాత్రం పోత పోసినప్పటి గరుకుతనం, గట్టిపడిన పాత మసి అలాగే ఉన్నాయి. కొన్నేళ్ళ తర్వాత వేరే కొట్టులో పురాతనమైనదని చెప్పి అమ్మిన చెంబు ఒకటి కొన్నాను. దాని ఒళ్ళంతా ఒకే మందంలో పచ్చని చిలుము పట్టి ఉంది. చింతపండు పెట్టి ఒక్కసారి రుద్దగానే చిలుమంతా వదిలింది. అడుగున ఒక్క గీత లేదు, అంచు మీద ఆకురాయి జాడలు వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి. అసలైన చిలుము మూలల్లో, అతుకుల్లో, తడి నిలిచే చోట్ల పడుతుంది, అంత సులువుగా వదలదు.

కళాయి విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. పులుసులు, చారు వండే ఇత్తడి పాత్రకు లోపల తగరం పూత లేకపోతే పులుపు ఇత్తడిలోని రాగినీ తుత్తునాగాన్నీ (జింక్) వంటలోకి లాగుతుంది. రోజూ వాడే మా గుండిగకు సుమారు 10 నెలలకొకసారి కళాయి వేయించవలసి వస్తోంది. పూత ముందుగా పోయేది గరిటె తిరిగే అడుగు అంచు దగ్గర, అక్కడ సన్నని పసుపు గీత కనిపించిన రోజు నుంచి పులుపు వండడం ఆపేస్తాను. ఒకసారి ఖాళీ గుండిగను పొయ్యి మీద మరిచిపోయాను. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పూత అంతా జారి అడుగున వెండి పూసల్లా గడ్డకట్టింది. ఇప్పుడు ఏ పాత గిన్నెలోనైనా అలాంటి పూసలు కనిపిస్తే కారణం వెంటనే తెలిసిపోతుంది. మళ్ళీ కళాయి వేయిస్తే బాగుపడుతుంది కనుక అది కొనకూడని లోపం కాదు.

కొనకూడనివి వేరే ఉన్నాయి. ఇత్తడి మీద గులాబీ రంగు మచ్చలుండి, తోమినా పోకుండా లోతుగా కనిపిస్తే ఆ చోట తుత్తునాగం పోయి గుల్లబారిన రాగి మాత్రమే మిగిలిందని అర్థం. చింతపండుతో తోమగానే వచ్చే ఎర్రటి ఛాయ వేరు, అది పైపైదే. ఇక చిల్లికి వేసిన మాటు పసుపుగా, గట్టిగా ఉంటే ఇత్తడితోనే అతికారని తెలుస్తుంది. బూడిదరంగులో ఉండి చాకుమొన దిగేంత మెత్తగా ఉంటే అది టంకం. అందులో సీసం కలిసే అవకాశం ఎక్కువ కాబట్టి అటువంటి పాత్రలో నేను నీళ్ళు కూడా కాచను.

మా బిందె నేర్పినది ఇంకొకటి. చంకన పెట్టుకుని మోసిన వైపు అది అద్దంలా నునుపుగా ఉంది, చూసి ముచ్చటపడ్డాను. నీళ్ళు నింపి రాత్రంతా పాత వార్తాపత్రిక మీద ఉంచితే మెడ చుట్టూ నాలుగు చోట్ల చెమ్మ దిగింది. రేకును సుత్తితో సాగగొట్టి చేసిన ఇత్తడిలో బిగువు మిగిలి ఉంటుంది. దానికి పశువుల మూత్రం నుంచి వచ్చే అమోనియా సోకితే వెంట్రుకల్లాంటి బీటలు తీస్తుంది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటాలు వానాకాలంలో పగిలిపోవడానికి ఇదే కారణం. మేనత్తగారి ఇంట్లో ఆ బిందె ఏళ్ళ తరబడి పశువుల పాక చూరు కింద ఉండేది. ఇప్పుడు అందులో నీళ్ళకు బదులు మినుములు పోసి ఉంచాను.

కంచు కంచం గురించి చెప్పవలసింది తక్కువ. సుమారు 78 పాళ్ళ రాగికి 22 పాళ్ళ తగరం కలిసిన ఈ లోహం గట్టిది, అందుకే పెళుసు. ఇత్తడికి సొట్ట పడే దెబ్బకు కంచు పగులుతుంది. వేళ్ళ మీద నిలిపి గోటితో కొడితే ఖంగుమని సాగే మోత వినిపించాలి, బీట ఉంటే మోత మధ్యలోనే చచ్చిపోతుంది. బీట వారినదాన్ని కరిగించి మళ్ళీ పోత పోయడం తప్ప వేరే దారి లేదు. నాయనమ్మ కంచం మధ్యలో అన్నం కలిపిన వేళ్ళు చేసిన పలచని గుంట ఉంది, మోత మాత్రం నిండుగా ఉంది.

గుండిగ అడుగు అంచున పసుపు గీత ఈ వారం గోరంత వెడల్పయింది. కళాయి వేసే ఆయన సంక్రాంతి ముందు మా వీధికి వస్తారు. అప్పటివరకు అందులో పప్పు, అన్నం మాత్రమే వండుతాను.