విల్లీస్ నమూనా జీపుల్లో బేతంచెర్ల దారి నుంచి గండికోట దాకా

కర్నూలు నుంచి గండికోటకు పోవాలంటే నున్నటి దారి ఉంది. నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా హైవే పట్టుకుని మైదుకూరులో ప్రొద్దుటూరు వైపు తిరిగితే సరిపోతుంది. ఆ దారిలో ఏసీ కారులో పోయినవాళ్ళకు గండికోట లోయ కనిపిస్తుంది కానీ, ఆ లోయను కన్న నేల కనిపించదని నా నమ్మకం. అందుకే మా స్నేహితుల బృందం పైకప్పు లేని జీపులు తీసింది. వెల్దుర్తి, బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, తాడిపత్రి, అక్కణ్ణుంచి గండికోట. అన్నీ లోపలి రోడ్లే.

బండ్ల సంగతి ముందు చెప్పాలి. మూడింటిలో రెండు విల్లీస్ నమూనావి. అసలు విల్లీస్ ఎంబీ రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యపు జీపు, బలం 60 హార్స్‌పవర్. తర్వాత అదే కంపెనీ తెచ్చిన సీజే-3బీ జీపులో ఇంజను ఎత్తు పెరగడంతో బోనెట్ కూడా పైకి లేచింది. మహీంద్రా వాళ్ళు దశాబ్దాలపాటు ఇక్కడ చేసింది ఆ ఎత్తు బోనెట్ జీపునే. ఇప్పుడు ముచ్చటపడేవాళ్ళు పాత మహీంద్రా ఛాసిస్ (అడుగు చట్రం) మీద బాడీ మార్పించి, బోనెట్ దించి, యుద్ధకాలపు రూపు తెప్పించుకుంటున్నారు. మావి అలాంటివే. మూడోది 2020 తర్వాతి మహీంద్రా థార్.

ఇలాంటి బండి కొనాలనుకునేవాళ్ళు రంగు చూసే ముందు ఆర్‌సీ చూడండి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని, ఇంజనును ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. కాగితాలు సరిగ్గా లేని బండి ఎంత అందంగా ఉన్నా ఇంటి ముందు నిలబెట్టుకోవడానికే.

వెల్దుర్తి దగ్గర 44వ నంబరు హైవే దిగగానే గాలి మారుతుంది. బేతంచెర్ల చుట్టూ ఎక్కడ చూసినా బండల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. మనం ఇళ్ళలో పరిపించుకున్న బండలు పుట్టేది ఇక్కడే. రోడ్డు పక్కన తెల్లటి రాతి పిండి గుట్టలు, పలకలు నిలబెట్టిన లారీలు. ఓపెన్ జీపులో ఆ పిండంతా మొహాన పడుతుంది, తువ్వాలు, కళ్ళద్దాలు లేకుండా కూర్చోవద్దు. గనులు దాటి కొండల్లోకి పోతే మాత్రం రోడ్డు మనదే. యాభై దాటని వేగం, పక్కన కంది చేలు, ఎదురొచ్చే గొర్రెల మంద. మందను ఆపి దారిచ్చే కాపరి ‘యాడికి పోతాండారన్నా?’ అని అడుగుతాడు. కారు అద్దం వెనక ఉంటే ఆ మాట వినపడదు.

టిఫిన్ బనగానపల్లెలో. ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులు నానీ నానకుండా, పైన పుట్నాల పొడి చల్లి ఇచ్చే చిన్న హోటళ్ళే బాగున్నాయి. బస్టాండు ఎదుటి పెద్ద హోటలులో తిన్నది ముద్దగా ఉంది. డీజిలు, పెట్రోలు ఇక్కడే నింపుకోవడం మంచిది.

యాగంటి ఉమామహేశ్వరుని గుడికి అక్కణ్ణుంచి చిన్న ప్రయాణం. కోనేటి నీళ్ళు కొండలోంచి వస్తాయి, ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి. కార్తీక సోమవారాల్లో పోతే బండి నిలపడానికి చోటు ఉండదు, మామూలు రోజు ఎంచుకోండి.

అవుకు దాటాక నల్లరేగడి మొదలవుతుంది. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ముక్కే. చలికాలంలో శనగ చేలు చూపు ఆనినంత దూరం పచ్చగా పరుచుకుని ఉంటాయి, మధ్యలో చెట్టు కూడా ఉండదు. విండ్‌షీల్డు బోనెట్ మీదికి వంచేసి నడిపితే పొద్దుటి మంచు, శనగాకు పులుపు వాసన కలిసి తగులుతాయి. కానీ వాన పడ్డ మర్నాడు తారు వదిలి పక్కకు దిగవద్దు. రేగడి చక్రానికి చుట్టుకుంటే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా లాభం లేదు.

బెలుం గుహలు ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వస్తాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1980లలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్క బాగా ఉంటుంది, గొట్టాలతో గాలి పంపుతున్నా చెమట ఆగదు. ఉదయం తలుపులు తెరవగానే పోతే పాతాళగంగ దగ్గర నీటి చప్పుడు వినవచ్చు. మధ్యాహ్నమైతే జనం కేకలే వినపడతాయి.

కొలిమిగుండ్ల నుంచి తాడిపత్రి దాకా సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు రోడ్డును నమిలేశాయి. ఆ గుంతల్లోనే ఒక జీపు రేడియేటర్ పైపు పగిలింది. తాడిపత్రి పొలిమేరలో ఒక ట్రాక్టర్ మెకానిక్ బోనెట్ ఎత్తి చూసి, ‘ఇది మా ట్రాక్టరు ఇంజనే కదన్నా’ అన్నాడు. నిజమే. మహీంద్రా పాత డీజిల్ జీపులు కొన్నింటికి వేసింది ఇంటర్నేషనల్ కంపెనీ ట్రాక్టర్ నుంచి వచ్చిన ఇంజనే. ట్రాక్టర్ పైపు కోసి బిగించి, టీ పూర్తయ్యేలోపు బండి చేతికిచ్చాడు. ఈ జిల్లాల పల్లెల్లో పాత జీపుకు దొరికినంత సాయం ఇంకే బండికీ దొరకదు. ట్యూబు టైరు పంచరు ఏ ఊళ్ళోనైనా వేస్తారు. మా థార్‌కు పంచరైనప్పుడు మాత్రం ట్యూబ్‌లెస్ సామాను ఉన్న షాపు కోసం టౌను దాకా పోవాల్సి వచ్చింది.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుని గుడి తప్పక చూడండి. పెన్న ఒడ్డున, పూర్తికాని గోపురాల మీద శిల్పులు చెక్కిన పని చూస్తే చింతల వెంకటరమణుని గుడిలో రాతి రథం కూడా రెండో వరుసలోకే పోతుంది, నా దృష్టిలో.

లాడ్జి ఎంచుకునేటప్పుడు గది కంటే ముందు ఆవరణ చూడాలి. ఓపెన్ జీపుకు తాళం లేదు, స్టెప్నీ, జాకీ, డబ్బాలు అన్నీ బయటే. గేటు, రాత్రి కాపలా ఉన్న లాడ్జికి వంద రెండొందలు ఎక్కువైనా ఇవ్వండి.

తాడిపత్రి నుంచి కొండాపురం మీదుగా పోతే గండికోట జలాశయంలో నీళ్ళు నిలిపినప్పుడు ఖాళీ అయిన ఊళ్ళ వైపు నుంచి పోతాం. అక్కడ మేం ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు.

గండికోటలో బసకు పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. గదులు సాదావే, అయినా స్నానానికి నీళ్ళు, బండ్లకు చోటు ఉన్నాయి. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. లోయ దగ్గర గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళూ ఉన్నారు. మేం చూసిన ఒకచోట అందరికీ కలిపి ఒకే మరుగుదొడ్డి, నడిరాత్రి దాకా స్పీకర్ల మోత. నేనైతే గదే తీసుకుని, తెల్లవారుజామున నడిచి లోయకు పోతాను. అంచున కంచె ఉండదు, పిల్లల చెయ్యి వదలకండి. లోయ చూసి వెనక్కి తిరిగిపోకుండా మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూడండి. ఎండెక్కక ముందైతే అన్నిటినీ తీరిగ్గా తిరగవచ్చు.

రాగి సంగటి, నాటుకోడి పులుసు జమ్మలమడుగులో బాగున్నాయి. కారం దోసె కోసం ప్రొద్దుటూరు దాకా పోవచ్చు, పోయాం కూడా. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే ముగించండి. పాత జీపు హెడ్‌లైట్ల వెలుగు చాలదు, బండల లారీలు కొన్నింటికి వెనక లైటు ఉండదు, కోతల కాలంలో రైతులు జొన్న కంకులు రోడ్డు మీదే ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు.