పాపిన్స్ ఫాంట్ బాగుంది, కానీ అందులో తెలుగు లేదు

మూడేళ్లుగా మెనూ కార్డయినా, క్లినిక్ బోర్డయినా, ఇన్‌స్టా పోస్టయినా ఇంగ్లిష్ అక్షరాలు అనగానే నా చెయ్యి పాపిన్స్ మీదికే పోతోంది. ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లు చేసిన ఫాంట్. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, క్లయింట్ పనికి వాడినా లైసెన్స్ టెన్షన్ లేదు. సన్నటి థిన్ నుంచి దిట్టమైన బ్లాక్ దాకా 9 మందాలు, ఒక్కోదానికీ ఇటాలిక్, అంటే మొత్తం 18.

దీని అందమంతా గుండ్రదనంలోనే ఉంది. ఇంగ్లిష్ ఓ చూడండి, కంపాస్ పెట్టి గీసినట్టుంటుంది, గీత మందం ఎక్కడా పెద్దగా మారదు. 1927 నాటి ఫ్యూచురా ఫాంటు బాణీయే ఇది, కాకపోతే ఇందులో స్మాల్ లెటర్స్ ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఫోన్‌లో కూడా తేటగా కనిపిస్తాయి. హెడ్డింగుకి సెమీబోల్డ్ పెట్టి అక్షరాల మధ్య ఎడం కొంచెం తగ్గిస్తే చాలా బాగుంటుంది. పేరాలకి పేరాలు మాత్రం దీంతో పెట్టొద్దు, వెడల్పు వల్ల చోటు తినేస్తుంది, చదివేవాళ్ల కళ్లు కూడా అలిసిపోతాయి. క్యాపిటల్ ఐ, స్మాల్ ఎల్ రెండూ నిలువు గీతలే, కూపన్ కోడ్లకి అస్సలు వద్దు.

అసలు సంగతి తెలుగు. పాపిన్స్‌లో దేవనాగరి ఉంది, తెలుగు లేదు. పాపిన్స్ పెట్టి తెలుగు టైప్ చేసినా చాలాచోట్ల అక్షరాలు కనిపిస్తాయి, దాంతో ఉందనుకుంటాం, కానీ అవి సిస్టమ్ తెచ్చిపెట్టిన వేరే ఫాంటువి, విండోస్‌లో అయితే నిర్మలా, ఆండ్రాయిడ్‌లో నోటో. అలాగే ఉందనుకుని ఒక టిఫిన్ సెంటర్ మెనూని కర్వ్స్ చెయ్యకుండా, అంటే అక్షరాలని ఫాంటుతో పనిలేని బొమ్మలుగా మార్చకుండా, ప్రెస్‌కి పంపాను. అక్కడి సిస్టమ్‌లో పెసరట్టులో ట వత్తు విడిపోయి పక్కకి వచ్చేసింది, ఎవరూ చూడలేదు, 200 కార్డులు అలాగే అచ్చయిపోయాయి. మళ్లీ నా డబ్బుతో వేయించి ఇచ్చాను. అప్పటి నుంచి కర్వ్స్ చెయ్యని ఫైలు నా దగ్గర్నుంచి బయటికి వెళ్లదు.

పాపిన్స్‌కి తోడుగా తెలుగుకి నేను పెట్టేది ఏక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు ఫాంటు. అందులో మందమే కాదు, వెడల్పు కూడా మార్చుకోవచ్చు, అందుకే పాపిన్స్ పక్కన చక్కగా ఇమిడిపోతుంది. చిన్న సైజులో ఎక్కువ మాటలుంటే హింద్ గుంటూరు నయం, అందులో 5 మందాలున్నాయి. సైజు అంకెలు రెండిటికీ ఒకటే పెట్టి వదిలెయ్యకండి, ఇంగ్లిష్ ఓ పక్కన తెలుగు ర పెట్టి, రెండు గుండ్రాలూ కంటికి సమానంగా కనిపించేదాకా సరిచెయ్యండి. ఆ తర్వాత స్త్రీ, లక్ష్మి లాంటి మాటలు రెండు వరుసల్లో కొట్టి, పై వత్తు కింది గుడికి తగులుతోందేమో చూసుకుని వరుసల ఎడం పెంచండి.

ఇప్పుడు చేస్తున్న క్లినిక్ బోర్డులో డాక్టరు గారి పేరు పైన తెలుగులో, అనేక్ బోల్డ్. దాని కింద కాస్త చిన్నగా ఇంగ్లిష్, పాపిన్స్ మీడియం. అక్కడికొచ్చే పెద్దవాళ్లు మొదట చదివేది తెలుగే.