పూర్వీకుల ఆహారం, ఫోబియాల సాధన: పన్నెండు వారాల శిక్షణపై నా సమీక్ష

ఆరేళ్లపాటు నేను రక్తపరీక్ష చేయించుకోలేదు. సూది చర్మానికి తగలకముందే చెమటలు పట్టి, చెవుల్లో హోరు మొదలై, కళ్లు బైర్లు కమ్మి పడిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. తిండి మార్చుకుని ఆరోగ్యం బాగుచేసుకోవాలని ఎన్నిసార్లు మొదలుపెట్టినా, ఆ మార్పు ఒంట్లో ఏం చేస్తోందో చెప్పే పరీక్ష దగ్గరికి పోలేక మధ్యలోనే వదిలేసేవాణ్ని. అందుకే పూర్వీకుల తరహా ఆహారాన్నీ, అంటే వ్యవసాయం రాకముందు మనుషులు తిన్నట్టు తినడాన్నీ, ఫోబియాలను, అంటే అదుపులో ఉండని భయాలను జయించే సాధననూ కలిపి ఆన్‌లైన్‌లో నేర్పే ఈ శిక్షణలో చేరాను. ఇందులో నాకు ఎదురైన ఒక పొరపాటు ఇలాంటి శిక్షణ ఎక్కడైనా జరగగలిగేదే కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

ఆహార భాగం చక్కగా అమర్చారు. మొదటి మూడు వారాల్లో చక్కెర, శుద్ధి చేసిన పిండి, ప్యాకెట్లలో వచ్చే చిరుతిండి మాన్పిస్తారు. నాలుగో వారం నుంచి ధాన్యాలు, పప్పులు, పాల పదార్థాలు కూడా తీసేసి, చేపలు, మాంసం, గుడ్లు, కూరగాయలు, దుంపలు, పండ్లు, గింజలతో కంచం నింపమంటారు. మాంసకృత్తులు, పీచు పెరగడంతో రెండు భోజనాల మధ్య చేయి డబ్బా వైపు పోవడం ఆగిపోయింది. అయితే పూర్వీకులు ధాన్యం ముట్టలేదని పాఠంలో పదేపదే చెప్పడం సరికాదు. జోర్డాన్‌లో సుమారు 14,000 ఏళ్ల కిందటి, అంటే వ్యవసాయం మొదలవడానికి దాదాపు 4,000 ఏళ్ల ముందటి రొట్టె అవశేషాలు దొరికాయి. వేటాడి, ఏరుకుని బతికినవారే అడవి ధాన్యాన్ని నూరి వాటిని కాల్చారు. పాలు మానినవారికి క్యాల్షియం ఎలా అందాలన్న ముఖ్యమైన విషయాన్ని ఒక్క పేజీలో ముగించారు. మధుమేహానికి మందులు వాడేవారు పిండిపదార్థాలను ఇంతగా తగ్గించేముందు వైద్యుణ్ని తప్పనిసరిగా అడగాలన్న హెచ్చరిక మొదటి పాఠంలోనే ఉండాల్సింది, ఆరో పాఠంలో పెట్టారు.

ఈ శిక్షణకు అసలు విలువ తెచ్చేది ఫోబియాల భాగం. పూర్వీకులలా తింటే భయాలు వాటంతటవే తగ్గుతాయని పరిచయంలో అన్న మాటకు ఆధారమేదీ చూపలేదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఆ తర్వాత నేర్పినది మాత్రం గట్టి పునాది ఉన్న పద్ధతి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, వాడు తింటున్నంతసేపూ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి జరిపి ఆ భయాన్ని పోగొట్టారు. శిక్షకురాలు ఈ ఉదంతంతోనే మొదలుపెట్టి, ఎవరి భయానికి వారిచేత తక్కువ భయపెట్టేదాని నుంచి ఎక్కువ భయపెట్టేదాని వరకు పది మెట్లు రాయించి, ప్రతి మెట్టు దగ్గరా భయానికి సున్నా నుంచి వంద వరకు అంకె వేయమన్నారు. నా మూడో మెట్టు మూత పెట్టిన సిరంజిని పళ్లెం పక్కన ఉంచుకుని ఉదయం గుడ్లు తినడం. మొదటి రోజు ఎనభై వేశాను, తొమ్మిదో రోజుకు ఇరవై ఐదుకు దిగింది.

పొరపాటు ఐదో వారంలో జరిగింది. అందరికీ ఒకే వీడియోలో నెమ్మదిగా ఊపిరి పీలుస్తూ ఒళ్లు వదులు చేయమని నేర్పారు. నేను అలాగే చేస్తూ జబ్బకు రబ్బరు పట్టీ కట్టుకుని, కుర్చీలోనే స్పృహ తప్పాను. చాలా ఫోబియాల్లో గుండె వేగమూ రక్తపోటూ పెరుగుతాయి కాబట్టి ఒళ్లు సడలించడం పనికొస్తుంది. రక్తం, సూది అంటే పడిపోయేవారిలో మాత్రం రక్తపోటు మొదట పెరిగి, వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది. అలాంటివారికి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సాధన. స్వీడన్‌కు చెందిన లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో దాన్ని రూపొందించారు: చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు, ముఖం వేడెక్కేదాకా బిగించి, ఇరవై ముప్పై సెకన్లు వదిలి, మళ్లీ బిగించాలి. జరిగింది రాయగానే శిక్షకురాలు మరునాడే ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, ఈ సాధనను నాచేత ఐదుసార్లు చేయించారు. ఆమె శ్రద్ధకు కృతజ్ఞుణ్ని. ఆ వీడియోకు ఒక హెచ్చరిక జోడించమని రెండుసార్లు కోరినా నేను శిక్షణ ముగించేనాటికి జోడించలేదు, ఇది నాకు నిజంగా బాధ కలిగించింది.

పదకొండో వారంలో ప్రయోగశాలకు వెళ్లాను. నా సంగతి ముందే చెప్పి, పడుకుని, సూది గుచ్చే చేతిని వదులుగా ఉంచి, మిగతా ఒళ్లంతా బిగించాను. చెవుల్లో హోరు మొదలైంది, ముఖానికి వేడి ఎక్కగానే తగ్గింది. గొట్టంలోకి నెత్తురు ముదురు ఎరుపుగా చేరడాన్ని నా జీవితంలో తొలిసారి కళ్లారా చూశాను. దూది అంటించాక పది నిమిషాలు కూర్చుని నడిచి బయటికి వచ్చాను.

సూది భయం ఉన్నవారు చేరేముందే ఆ సంగతి రాసి, బిగింపు సాధన మొదటి నుంచీ నేర్పమని అడగండి. అలా అడిగేవారికి ఈ శిక్షణను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. కేవలం ఆహారం కోసమైతే ఇంత ఖర్చు అక్కర్లేదు. ఆ ఆహారం నా ఒంట్లో ఏం మార్చిందో అంకెలతో చెప్పలేను, ఎందుకంటే పోల్చడానికి పాత నివేదిక లేదు. మూడు నెలల తర్వాతి పరీక్షకు తేదీ తీసుకున్నాను.